హెడ్డు మీద ఏడు, బ్లాకు మీద నాలుగు

దొంగలను చాలామందిని చూశాను. ఇసుక దొంగలు, రేషన్ బియ్యం దొంగలు, కూలీల పీఎఫ్ మింగేవాళ్లు. వీళ్లందరికీ ఒక సిగ్గు ఉంటుంది. సొత్తు మీద గోనెపట్ట కప్పి దాచుకుంటారు. శ్యాంసుందర్ షెడ్డులో మాత్రం దొంగసొత్తుకు మైనం పూసి, మెత్తటి గుడ్డతో తుడిచి, దీపాల కింద నిలబెడతారు. దాని పక్కన నిలబడి పెద్దమనుషులు ఫోటోలు దిగుతారు. ఈ ఎండాకాలం నేను దాన్ని దగ్గరగా చూశాను. ఇప్పటికీ ఆ మైనం వాసన తగిలితే నాకు నోట్లో నీళ్లూరుతాయి. కక్కొచ్చే ముందు ఊరే నీళ్లు.

షెడ్డు నంద్యాల ఊరు దాటాక పొలాల మధ్య ఉంది. శ్యాంసుందర్‌ది భూములున్న పాత కుటుంబం. పొలాలు కౌలుకిచ్చి పాత కార్ల వ్యాపారం పెట్టాడు. ఎవరెవరి తాతలో కొని వదిలేస్తే కొట్టాల్లో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న అమెరికా కార్లను వెతికి తెస్తాడు, బాగు చేయిస్తాడు, బెంగుళూరు, హైదరాబాదు ఆసాములకు అమ్ముతాడు. అక్కడ పెద్ద మెకానిక్కు ఓబులేసు. మా ఆళ్లగడ్డ మనిషే. రోజూ బస్సులో పోయి వచ్చేవాడు. ఆయన చేతికింద మా తమ్ముడు ప్రభుదాసును పనికి పెట్టించింది నేనే.

దుమ్ము వల్ల పెట్టించాను. ఆళ్లగడ్డలో రోడ్డు పొడుగునా రాయి చెక్కుతారు. దేవుళ్లను చెక్కేవాళ్లు దేవుళ్లను చెక్కుతారు, మావాడు మా క్రైస్తవుల సమాధి రాళ్ల మీద పేర్లు, తేదీలు చెక్కుతాడు. గుంత అక్షరాలు కాదు, ఉబ్బెత్తువి. చుట్టూ ఉన్న రాయంతా తీసేసి అక్షరాన్ని పైకి నిలబెట్టాలి. ఆ పనిలో దుమ్ము ఎక్కువ, మిషన్లు వచ్చాక మరీ ఎక్కువ. నేను రాతి కార్మికుల సంఘం పెట్టి, నీళ్ల పైపులు పెట్టండి, మాస్కులు ఇవ్వండి అని యజమానుల గేట్ల ముందర గొంతు చించుకుంటుంటే, మా ఇంట్లో వాడు సైకిలు తొక్కలేక దిగి గోడ పట్టుకునేవాడు. కర్నూలు డాక్టరు ఎక్స్‌రే చూసి రాయి మానెయ్యమన్నాడు. నేను ఓబులేసన్న దగ్గరికి పోయాను.

"అన్నా, మావానితో రాయి మాన్పియ్యల్ల. మీ షెడ్డులో ఏదన్నా పని చూడు. ఊడ్చే పనైనా సరే."

"ఊడ్చేదేంది పాపా, వాని చెయ్యి యాడ దొరుకుతాది? అతుకులు ఆకురాయితో రాకేది, పాలిష్ పట్టేది, శానా పని ఉంది. సోమవారం పంపీ," అన్నాడు.

ఆయన నన్ను ఇంకొక్క మాట అడగలేదు.

ఏప్రిల్ నాటికి మావాడి ముఖం తేటపడింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా అమ్మ దానమ్మ కోడికూర వండింది. అమ్మ, ప్రభుదాసు, వాడి భార్య జెస్సీ, నేను కూర్చున్నాం. నేను పెళ్లి చేసుకోలేదు. ఆ సంగతి అమ్మ ప్రతి ఆదివారం కూరతో పాటు వడ్డిస్తుంది.

"ఏం పని చేపిస్తాండారురా ఆడ?" అని అడిగాను.

"నీకు చెప్తే ఆ గేటు ముందర గూడా జెండా పాతుతావు అక్కా."

"పాతల్ల అంటే పాతుతా. చెప్పు."

"పాలిష్ పని. పాత నంబర్లు అరిగిపోయింటాయి గదా, అవి కండ్లకు కనపడేట్టు చేసే పని." వాడు కుడిచెయ్యి కడుక్కుని తుడుచుకుని దాన్నే చూసుకున్నాడు. "శ్యాంసుందరన్న ఈ చెయ్యి పట్టుకోని, ఇది ఆళ్లగడ్డలో ఉండాల్సిన చెయ్యి కాదప్పా అన్యాడు. ఇన్నేండ్లు రాయి కొట్టినా, ఒక్కడన్నా ఆ మాట అన్యాడా?"

"సమాధి ముందర ఏడ్చేటోడు నీ అక్షరం యాడ చూస్తాడురా?"

"అదే గదా నా బాధ," అన్నాడు. నవ్వుతూ అనలేదు. నిజంగానే అన్నాడు.

అమ్మ వాడి పళ్లెంలో ఇంకో ముక్క వేసింది. "దేవుడు దారి చూపినాడు నా కొడుక్కి. నీ జెండాలు కాదు చూపింది," అంది నాతో.

ఓబులేసన్న చూపాడు. అయినా ఆ మాట అనకుండా తిన్నాను.

మే నెల ఎండలు ముదిరాక ఓబులేసన్న భార్య ఆదిలక్ష్మమ్మ మా సంఘం షెడ్డుకు పరిగెత్తుకుంటూ వచ్చింది. చెప్పుల్లేవు.

"ప్రసన్నా, మీ అన్నను పట్కపోయినారు."

"ఎవురు?"

"పోలీసులు. కారు తలకాయ దొంగిలించినాడంట."

"కారుకు తలకాయేంది వదినా?"

"నాకేం తెలుసు తల్లీ! హెడ్డంట. ఆ మనిషి షెడ్డులో నుంచి ఒక ఇనుప మొల గూడా ఇంటికి తెచ్చినోడు కాదు. నువ్వు రా, నువ్వు వచ్చి అరుచు. నువ్వు అరిస్తే వాళ్లకు చెవులొస్తాయి."

బస్సెక్కి నంద్యాల పోయాం. స్టేషను వరండాలో ఓబులేసన్నను చొక్కా విప్పించి గచ్చు మీద కూర్చోబెట్టారు. అరవై దగ్గరపడిన మనిషి. ఆ వరండాలోనే ఫ్యాను కింద కుర్చీలో శ్యాంసుందర్ మనిషొకడు కాలు మీద కాలేసుకుని మజ్జిగ తాగుతున్నాడు. ఆ మజ్జిగ గ్లాసును వాడి ముఖాన కొట్టాలనిపించింది. ఎస్సై నన్ను చూసి నిట్టూర్చాడు. ధర్నాల్లో పాత పరిచయం.

"ఏమ్మా, ఈయన నీకేమైతాడు?"

"మా సంఘం మనిషి సార్."

"మెకానిక్కుకు రాతి సంఘమేంది?"

"పనిచేసేటోళ్ల సంఘం సార్. కావాలంటే మీరు గూడా చేరొచ్చు."

కానిస్టేబులు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. నేను ఓబులేసన్న ముందు గొంతుకూర్చున్నాను.

"అన్నా, ఏంది ఈ హెడ్డు కత? నాకు అర్థమయ్యేట్టు చెప్పు. అర్థం గాకపోతే నేను కొట్లాడలేను."

ఆయన మెల్లగా చెప్పాడు. ప్యాపిలి దగ్గర ఒక కొట్టంలో షెవర్లే కారు దొరికింది. యాభై నాలుగులో తయారైంది. దాని ఇంజను ఎప్పుడో పోయి, ఎవరో డీజిలు ఇంజను బిగించుకున్నారు. ఇట్లాంటి కార్లు కొనే పిచ్చోళ్లకు కారు ఏ ఇంజనుతో పుట్టిందో అదే ఇంజను కావాలి. అదే ఉంటే రేటు మూడింతలు. లేకపోతే పాత ఇనుము.

"అదే ఇంజను అని ఎట్ల తెలుస్తాది?"

"ఇనుము పోసిన తేదీ దాని మీదనే ఉంటాది పాపా. అచ్చులోనే వస్తాది, పైకి ఉబ్బుకోని. మొదట ఒక ఇంగ్లీషు అక్షరం, అది నెల. ఏ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి, అట్ల ఎల్ దాకా. దాని పక్కన తేదీ. ఆఖర్న ఒకే అంకె, అది సంవత్సరం."

"ఒకే అంకైతే, నాలుగుంటే నలభై నాలుగో యాభై నాలుగో ఎవురికి తెలుసు?"

"ఇంజను వాటం చూసి చెప్పల్ల అది." ఆ స్థితిలోనూ ఆయనకు చెప్పడం ఇష్టంగానే ఉంది. "ఇంజను పోసినాక నెలకో రెండు నెల్లకో కారు తయారైతాది. కారు కంటే ఇంజను ముందు పుట్టల్ల. వెనక పుట్టింటే అది దొంగ ఇంజను."

"మీరు బిగించింది?"

"పాత లారీ ఇంజను. తుక్కు అంగట్లో నేనే పట్టుకొచ్చినా. డీజిలు పోసి బ్రష్షుతో రుద్దింది నేనే. కింద బ్లాకు, అంటే ఇంజను మొండెం, దాని పక్కన సి, పదిహేడు, ఏడు. మార్చి పదిహేడు, యాభై ఏడు. పైన మూత విప్పితే, ఆ మొండెం మీద కూర్చునే తలకాయే హెడ్డు, దాని మీద గూడా ఏడే. రెండూ ఒక తల్లి పిల్లలే. అన్నా, ఇది కారు కంటే మూడేండ్లు చిన్నది, కొనేటోనికి ఉన్నది ఉన్నట్టు చెప్పు అని శ్యాంసుందరన్నకు చెప్పినా. సరేలే అన్యాడు."

బెంగుళూరు నుంచి కొనేవాడొచ్చాడు. బ్లాకు మీద చూశాడు. సి, పదిహేడు, నాలుగు. కారు పుట్టడానికి నెల ముందు పోసిన ఇనుము. ఆనందంతో గంతేసి పైమూత విప్పాడు. హెడ్డు మీద ఏడు. బ్లాకు అసలుది, హెడ్డు లారీది. అంటే అసలు హెడ్డును ఎవరో కాజేసి లారీది బిగించారు అన్నాడు. శ్యాంసుందర్ వెంటనే ఓబులేసు పేరు చెప్పాడు. అప్పటికే అడ్వాన్సు ఇచ్చిన ఆ కొనేవాడు ఫిర్యాదు రాసిచ్చాడు.

"మరి నువ్వు చూసిన ఏడు, నాలుగెట్లయింది అన్నా?"

ఓబులేసన్న నా వైపు చూడలేదు. గచ్చు మీద చీమను వేలితో పక్కకు జరిపాడు.

"నాకేం తెలుసు పాపా," అన్నాడు.

భయపడ్డాడనుకున్నాను. ఎస్సై మీద పడ్డాను. బ్లాకు మీద అంకెను మార్చారు, బ్లాకూ లారీదే అయితే ఇక దొంగతనమే లేదు, వచ్చి చూడండి అని. రేపు రండి, కొన్నాయన కూడా ఉంటాడు, అందరి ముందర చూద్దాం, నా ప్రాణం తియ్యొద్దు అన్నాడు. ఆ రాత్రికి ఓబులేసన్న చొక్కా మాత్రం తొడిగించగలిగాను. నా ఇరవై ఏళ్ల పోరాట అనుభవానికి దక్కిన ఫలం అంతే.

మర్నాడు పొద్దున షెడ్డుకు పోయేసరికి శ్యాంసుందర్ ఎదురొచ్చాడు. తెల్లచొక్కా, ఎర్రబొట్టు, చేతులు జోడించాడు.

"రాక్కా. కూల్‌డ్రింకు తెప్పియ్యాల్నా?"

"నీ కూల్‌డ్రింకు నువ్వే తాగప్పా. ఇంజను చూపీ."

ఆకుపచ్చ కారు. బానెట్టు ఎత్తి ఉంది. దాని పక్కన బెంగుళూరాయన మెళ్లో భూతద్దం వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు. కారు మీద చెయ్యి వేస్తున్నాడు, తీస్తున్నాడు, మళ్లీ వేస్తున్నాడు. ఎంతమంది చేతులు పగిలితే ఆ రంగు నిగనిగలాడిందో వాడికి అక్కర్లేదు. చనిపోయిన ఏ ఇంజనీరో అమెరికాలో ఏ రోజు ఏ ఇనుము పోశాడో మాత్రం కావాలి.

"ఇది పోత పోసిందమ్మా," అని నాకు పాఠం మొదలుపెట్టాడు. "సుత్తితో కొట్టిన నంబరైతే గుంత పడుతుంది, దాన్ని మార్చొచ్చు, మార్చేవాళ్లను శానామందిని పట్టుకున్నా నేను. ఇది పైకి లేచిన అంకె. దీన్ని మనిషి చెయ్యి చెయ్యలేదు. అసలు సాధ్యం కాదు. మీ పక్క రాయి గీక్కునేవాళ్లకు ఇవన్నీ ఎట్ల తెలుస్తాయిలే."

ఎస్సై అదేదో తన మాటయినట్టు తలాడించాడు.

నేను ఫోను టార్చి వేసి వంగాను. ముందు సి. తర్వాత పదిహేడు. మొద్దుగా, ఇసుక గరుకుతో, అంచులు అరిగి ఉన్నాయి. చివర నాలుగు. అదీ గరుకుగానే ఉంది, అదీ తుప్పు రంగే. కానీ దాని పై అంచు కొంచెం ముందుకు వాలి ఉంది.

సమాధి రాయి బయట ఉంటుంది. ఉబ్బెత్తు అంకె తల మీద వాననీళ్లు నిలిస్తే నాచు పడుతుంది. అందుకని మా నాయన పై అంచును వాల్చి కోసేవాడు, నీళ్లు జారిపోవాలని. ఆయన దగ్గర నేర్చుకున్న ప్రభుదాసూ అట్లాగే కోస్తాడు. ఆళ్లగడ్డలో ఇంకెవరికీ అంత ఓపిక లేదు. ఇంజను మీద వాన పడదు. వాడి చెయ్యికి ఆ సంగతి తెలియదు.

టార్చి ఆర్పేశాను.

"ఏమ్మా, చూసినావా?" అన్నాడు ఎస్సై.

"చూసినా సార్."

"ఏముంది?"

"నాలుగు ఉంది."

శ్యాంసుందర్ నన్ను గేటు దాకా సాగనంపాడు. గొంతు తగ్గించి, చాలా ఆప్యాయంగా మాట్లాడాడు.

"ఓబులేసు గట్టిమనిషక్కా, కొన్నాళ్లు లోపలున్నా ఏం గాదు. బెయిలు నేనే ఇప్పిస్తా. మీ తమ్మునికైతే అట్ల గాదు. లంగ్సు బాలేవు గదా పాపం. జైల్లో గాలి ఆడదంట."

వాడి నోటి నుంచి యాలకుల వాసన వచ్చింది. మా తమ్ముడి ఊపిరితిత్తులను లెక్కలోకి తీసుకున్న యజమానిని నా జీవితంలో వాణ్ణొక్కణ్ణే చూశాను.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఎండ ఇంకా గోడల మీద ఉంది. ప్రభుదాసు పనికి పోలేదు. మంచం మీద బోర్లా పడుకుని ఫోను చూస్తున్నాడు. జెస్సీ మల్లెలు కడుతోంది.

"నాలుగు నువ్వే కోసినావు," అన్నాను.

వాడు ఫోను దించలేదు. "బాగుందా?" అన్నాడు.

చెంప పగలగొట్టాను. అమ్మ వంటింట్లో నుంచి వచ్చింది.

"ఏం పుట్టింది నీకు? ఊపిరాడని బిడ్డను కొడతావా?"

"వీడు అంకె మార్చినాడమ్మా. దానికి ఓబులేసన్నను పట్టుకోని గుడ్డలిప్పి కూర్చోబెట్టినారు. వీనికి కూడు పెట్టిచ్చిన మనిషిని."

ప్రభుదాసు లేచి కూర్చున్నాడు. చెంప మీద నా వేళ్లు తేలాయి. "నాకేం తెలుసక్కా ఆయన మీద పడతాదని? శ్యాంసుందరన్న ఏడు తీసి నాలుగు చెయ్ అన్యాడు, చేసినా. హెడ్డు మీద ఇంకొకటుందని నాకెవురన్నా చెప్పినారా? చెప్పింటే అదీ చేసేటోణ్ణి."

"అబద్ధం చెక్కినావని సిగ్గు లేదా?"

"సమాధి మీద నేను చెక్కే తేదీలన్నీ నిజమా? పోయినేడు ఒకడు చస్తే, ఎల్‌ఐసీ దుడ్ల కోసం ఇంటోళ్లు నెల మార్చి చెక్కమన్యారు, చెక్కినా. చచ్చినోణ్ణి లేపి అడిగి చెక్కల్నా? చెప్పింది చెక్కేదే నా పని."

"స్టేషనుకొచ్చి ఆ మాటే చెప్పు."

"నేను రాను."

"వదినా, ఈయన జైలుకు పోతే తిరిగొస్తాడా?" జెస్సీ ఏడుపు మొదలుపెట్టింది. "ఓబులేసన్నకు బెయిలిస్తామంటాండారంట గదా!"

అంటే శ్యాంసుందర్ ఫోను అప్పటికే వచ్చింది. నాకంటే ముందు వాడు మా ఇంట్లోకి వచ్చి కూర్చున్నాడు.

"దేవుని బిడ్డలం మనం," అన్నాను అమ్మతో. "నువ్వు చెప్పు. చేసింది ఒప్పుకోమని చెప్పు నీ కొడుకుతో."

అమ్మ నా కళ్లలోకి సూటిగా చూసింది. "దేవునికి నేను జవాబు చెప్పుకుంటాలే. నువ్వు నీ సంఘానికి చెప్పుకో. నా కొడుకు గడప దాటడు."

ఊళ్లో గేట్లు తెరిపించిన గొంతు నాది. ఆ చిన్న ఇంట్లో ఎవరి నోరూ తెరిపించలేకపోయింది. చెప్పులు వేసుకున్నాను. అప్పుడు ఆ బెంగుళూరాయన మాట గుర్తొచ్చింది. అబద్ధం కాదు, ఉన్న మాటే. వాకిట్లో నిలబడి చెప్పాను.

"ఆ కొనేటోడు అంటాండాడు, ఇది మనిషి చెయ్యి చేసేది కాదంట. సాధ్యమే కాదంట. ఆళ్లగడ్డోళ్లకు రాయి గీక్కునేదే తెలుసంట. ఎస్సై గూడా అవునన్యాడు. నువ్వొచ్చి నేనే చేసినా అన్నా నమ్మరులే. నవ్వుతారు. పడుకో."

మంచం కిర్రుమంది.

"ఎవడన్యాడు ఆ మాట?" అన్నాడు లోపల నుంచి.

నేను పోయి సంఘం షెడ్డులో పడుకున్నాను.

పొద్దున బస్టాండులో వాడు నాకంటే ముందే ఉన్నాడు. చర్చికి వేసుకునే చొక్కా వేసుకున్నాడు, తల దువ్వాడు, ఉలులు ఎర్రగుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. జైలుకు పోయేవాడు అట్లా తయారు కాడు. బస్సులో నా పక్కన కూర్చోలేదు.

స్టేషనులో వాడు నేనే చేసినా అంటే, ఎస్సై నవ్వి, ఏదీ చేసి చూపించు అని షెడ్డుకు తీసుకొచ్చాడు. అక్కడ మూల పడి ఉన్న తుక్కు బ్లాకు మీద వాడు పని మొదలుపెట్టాడు. ఎస్సై, కానిస్టేబులు, బెంగుళూరాయన చుట్టూ నిలబడ్డారు. ఓబులేసన్నను కూడా తీసుకొచ్చి గోడవారన నిలబెట్టారు. శ్యాంసుందర్ ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. మావాడు పాత అంకెను రాకి చదును చేశాడు. దాని చోట వెల్డింగు రాడ్డుతో లోహం పోశాడు. చల్లారనిచ్చి ఉలి పట్టాడు. ఇక వాడికి పోలీసులు కనపడలేదు, నేను కనపడలేదు. నాలుగు లేచింది. మొద్దు ఉలితో దాని మీద చుక్కలు చుక్కలుగా తట్టి ఇసుక గరుకు తెచ్చాడు. ఏదో ద్రావకం పూసి తుప్పు తెప్పించాడు. గుడ్డతో తుడిచి, పక్కకు జరిగి, బెంగుళూరాయనకు చోటిచ్చాడు.

"చూస్కో సార్. రాయి గీక్కునేటోళ్ల పని."

ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. వేలితో తడిమాడు. "దేవుడా," అన్నాడు.

నేను వెంటనే ఎస్సై వైపు తిరిగాను. "చూసినారు గదా సార్. బ్లాకు గూడా లారీదే. ఈ కారుకు అసలు హెడ్డు అనేదే ఈ షెడ్డుకు రాలేదు. రానిదాన్ని ఓబులేసన్న యాడ దొంగిలిస్తాడు?"

ఎస్సై టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "ఈయన్ను వదిలెయ్," అన్నాడు కానిస్టేబులుతో. ఓబులేసన్న గోడకు ఆనుకుని అట్లాగే కూలబడ్డాడు.

"ఇంక శ్యాంసుందర్ మీద రాయండి," అన్నాను. "మోసం. మావాణ్ణీ రాయండి, తప్పించమనను. ఇద్దరినీ రాయండి."

"నేనే చేపిచ్చినా అని రుజువేముంది సార్?" అన్నాడు శ్యాంసుందర్ నిదానంగా. "పనోళ్లు ఏమేమో చేస్తుంటారు."

"నువ్వే చెప్పినావు గదన్నా!" అన్నాడు ప్రభుదాసు. వాడికి అప్పుడే నిద్ర లేచినట్టుంది.

ఎస్సై బెంగుళూరాయనను చూశాడు. "మోసపోయింది మీరు సార్. మీరు రాసిస్తే కేసు కడతా."

బెంగుళూరాయన భూతద్దాన్ని చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. తొందర లేకుండా తుడిచాడు. ఆకుపచ్చ కారు వైపు చూశాడు, శ్యాంసుందర్ వైపు చూశాడు.

"నా ఫిర్యాదు హెడ్డు గురించి మాత్రమే," అన్నాడు. "అది వాపసు తీసుకుంటా. బ్లాకు గురించి నాకే ఫిర్యాదూ లేదు."

"లేదా?" అన్నాను. "దొంగ ఇంజనని నీ కండ్ల ముందర తేలిందే!"

"నేనే కనిపెట్టలేనిది, రేపు నా దగ్గర కొనేవాడు కనిపెడతాడామ్మా?" అన్నాడు. నాకు ఏదో గర్వించదగ్గ సంగతి చెబుతున్నట్టు అన్నాడు. తర్వాత మావాడి భుజం మీద చెయ్యి వేశాడు. "హెడ్డు మీద ఏడుంది చూడు. అదీ చెయ్యగలవా?"

ప్రభుదాసు నన్ను చూడలేదు. ఓబులేసన్నను చూడలేదు. బానెట్టు కిందికి వంగి, మూత తీసిన చోట వేలు పెట్టి తడిమాడు.

"ఇది మెత్తగా ఉంది సార్. దీనికి టయిం పడతాది," అన్నాడు.

శ్యాంసుందర్ అందరికీ కూల్‌డ్రింకులు తెప్పించాడు. ఎస్సై తాగాడు. కానిస్టేబులు తాగాడు. మావాడికి శ్యాంసుందరే మూత తీసి అందించాడు. నేను బయటికొచ్చి గేటు పక్కన పొద్దున తిన్న ఇడ్లీ అంతా కక్కేశాను.

ఓబులేసన్న ఆటోలో నా పక్కన కూర్చున్నాడు. సగం దారిలో నేనే అడిగాను.

"నీకు ముందే తెలుసు గదన్నా. స్టేషనులో అడిగినప్పుడే."

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నీ తమ్ముడు గదా పాపా."

ఆ మాటకు కూడా నాకు ఒళ్లు మండింది. వాళ్ల దుర్మార్గం ఎవరి వీపు మీద ఎక్కి ఊరేగుతోందో అదే వీపు అది. కానీ ఆ ముసలాయనను ఆ పూట తిట్టడానికి నాకు నోరు రాలేదు.

నంద్యాలలో ఓబులేసన్నను ఏ షెడ్డూ పనిలోకి పెట్టుకోలేదు. స్టేషనుకెళ్లిన మనిషి అన్నారు. ఎందుకెళ్లాడో ఎవరూ అడగలేదు. శ్యాంసుందర్ మీద నేనిచ్చిన అర్జీలకు రసీదులు మాత్రం వచ్చాయి. మావాణ్ణి బెంగుళూరాయన తన దగ్గరికి తీసుకుపోయాడు. ఉండటానికి గది, ఏసీ గదిలో పని.

జూన్ మొదట్లో ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు ఈ వారం చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. జెస్సీ లేచింది. కొత్త చీర. నా భర్తను దుమ్ములోంచి లేవనెత్తి పరదేశంలో గొప్ప పనిలో నిలబెట్టిన దేవునికి స్తోత్రం అని మైకులో చెప్పి ఏడ్చింది. అందరూ ఆమెన్ అన్నారు. ముందు వరసలో మా అమ్మ రెండు చేతులూ ఎత్తింది.

నేను లేచి నిలబడ్డాను.

"నాకూ ఒక సాక్ష్యముంది," అన్నాను.

పాస్టరు దేవసహాయం నా ముఖం చూశాడు. మైకు నా దాకా రాలేదు. ఆయన చెయ్యి ఊపగానే కీబోర్డు మోగింది, డ్రమ్ము మోగింది, ఆడవాళ్లు పాట అందుకున్నారు. నాకు మైకు ఎప్పుడూ అక్కర్లేదు. ఓబులేసు అనే మనిషి పేరు చెప్పి మొదలుపెట్టాను. శ్యాంసుందర్ పేరు చెప్పాను. మా తమ్ముడి పేరు చెప్పాను. వాళ్లు గొంతు పెంచారు, నేనూ పెంచాను. నడిమి వరసల్లో కొందరు పాట ఆపి నా వైపు తిరిగారు.

మా అమ్మ తిరగలేదు. అందరికంటే గట్టిగా ఆమే పాడుతోంది.